మూడేళ్ళు వెనక నడిచిన ఇల్లు

మా కోటి బాబాయి పెద్దకర్మకి పోయిన నెల ఊరు వెళ్ళాను. భోజనాలయ్యాక షామియానా కింద మా వాళ్ళందరూ చేరి మాట్లాడుకున్న మాటలు వింటుంటే ఒళ్ళు మండిపోయింది. పోయిన మనిషి గురించి రెండు మాటలు, మిగతావన్నీ జాగ్రత్తల గురించి. ఎవరికి ఎన్ని పాలసీలున్నాయో, ఎవరు ఇంటి చుట్టూ ఎన్ని కెమెరాలు పెట్టించారో, ఏ ఆసుపత్రి కార్డు జేబులో ఉంటే గుండె ఆగినా దిగులుండదో, ఇవే కబుర్లు. ఒకాయనైతే తన మెడికల్ రిపోర్టుల సంచీ విస్తరి దగ్గరకి కూడా తెచ్చుకుని, తొడ కింద పెట్టుకుని తిన్నాడు. వీళ్ళంతా నా రక్తసంబంధులని చెప్పుకోవడానికి సిగ్గేసింది. అంతలో బాబాయి కొడుకు రవి కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, "అక్కా, పెద్దనాన్న జాగ్రత్తలో మా నాన్నకి పావలా వంతు ఉన్నా మా బతుకులు ఇంకోలా ఉండేవి" అన్నాడు. నా చేతిలో వక్కపొడి పొట్లం ఉంది. అది వాడి మొహాన కొట్టాలనిపించింది. కర్మ జరిగిన ఇల్లు కదా అని నోరు నొక్కుకున్నాను. అక్కడ నొక్కుకున్న నోరు గుంటూరు వచ్చినా ఊరుకోవడం లేదు గనక ఇది రాస్తున్నాను.

రవి పుట్టేనాటికి మా నాన్న మెత్తబడ్డాడు. వాడికి తెలిసిన పెద్దనాన్న అరుగు మీద కూర్చుని, వచ్చిన ప్రతివాణ్ణీ "గొడుగు తెచ్చుకున్నావా?" అని అడిగే పెద్దమనిషి. నాకు తెలిసిన నాన్న వేరు. అద్దంకికి నాలుగు కోసుల దూరంలో, నల్లరేగడి మధ్యన మా ఊరు. మిరప, పత్తి, కాస్త జొన్న. మా ఇంటికి ఒక చట్టం ఉండేది. ఉన్న పాతది పూర్తిగా అయిపోతే గాని కొత్తది ముట్టుకోకూడదు. ఇది చాలా ఇళ్ళలో ఉండేదే, తప్పు పట్టడానికి లేదు. నాన్న దానికి ఇంకోటి తగిలించాడు. కొత్తది ఎప్పుడూ ఇంట్లో నిలవ ఉండి తీరాలి. ఈ రెండూ కలిపి పాటిస్తే ఏమవుతుందో ఒక్క నిమిషం ఆలోచిస్తే ఎవరికైనా తెలుస్తుంది. మా ఇంట్లో ఆ నిమిషం ఎవరికీ దొరకలేదు. ఈ ఏడు పండింది వచ్చే ఏటికి, పోయిన ఏడుది ఈ ఏటికి. పంట బాగా వచ్చినప్పుడు ఇంకాస్త ఎక్కువ వెనక్కి వేసేవాడు. అలా మా ఇల్లు ఊరికంటే ఒక ఏడు వెనకపడింది, తర్వాత రెండేళ్ళు, నాకు బుద్ధి తెలిసేసరికి మూడేళ్ళు వెనక నడుస్తోంది. ఊరంతా కొత్త కాయలతో ఎర్రటి కారం కొట్టుకుంటుంటే మేం రంగు వెలిసి తెల్లబడ్డ తాలుకాయలు రోట్లో వేసి దంచేవాళ్ళం. కూరకి ఎరుపు వచ్చేది కాదు, రుచీ వచ్చేది కాదు. దగ్గు మాత్రం వచ్చేది.

ఎండాకాలంలో ఆవకాయ పెట్టే రోజు మా ఇల్లూ అందరి ఇళ్ళలాగే ఉండేది. మామిడి ముక్కల పచ్చి వాసన, ఆవపిండి ఘాటు, నువ్వులనూనె జాడీలోకి ఒంపుతుంటే వచ్చే కమ్మదనం. పక్కింట్లో ఆ పూటే వేడన్నంలో కలిపి పిల్లల చేతుల్లో ముద్దలు పెడుతుంటే, మా ఇంట్లో అమ్మ జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టేది, నాన్న దాన్ని మోసుకెళ్ళి అటక ఎక్కించేవాడు. ఆయన కళ్ళలో అప్పుడు కనిపించే సంతోషం మేం పుట్టినప్పుడు కూడా కనిపించి ఉండదు. ఆ జాడీ దిగేది మూడేళ్ళకి. అప్పటికి ముక్క కరిగిపోయి టెంక మిగిలేది, ఎరుపు పోయి తారు రంగు వచ్చేది. ఆ తారు కలుపుకుని తింటూ ఆయన "నిలవ ఊరిన రుచే వేరు" అనేవాడు. అమ్మ తల ఊపేది. నేను ఎక్కిళ్ళు పెట్టేదాన్ని. సబ్బు కూడా అంతే. కొత్త సబ్బు పచ్చిగా ఉంటుందని, నీళ్ళు తగిలితే తొందరగా కరిగిపోతుందని, ఏడాది పాటు కిటికీలో ఎండబెట్టేవాడు. పగుళ్ళు బారి ఇటుక ముక్కలా తయారయ్యాక స్నానాల గదిలోకి వచ్చేది. దాంతో ఒళ్ళు రుద్దుకుంటే నురగ రాదు, చర్మం వచ్చేది. పొయ్యిలోకి మొన్నటి పత్తికంప కాదు, చెదలు తిని బోలుగా మిగిలిన అన్నిటికంటే పాత మోపు. నాన్నకి ఒక నల్ల గొడుగు ఉండేది. నేను పుట్టకముందు కొన్నది. వాన వస్తే గోనెసంచి నెత్తిన కప్పుకుని పొలం వెళ్ళేవాడు, గొడుగు తడిస్తే పాడవుతుందని.

పత్తి తీతలయ్యాక దూదేకుల సైదా వచ్చేవాడు. మా వీధి చివర ఇల్లే అతనిది. విల్లు భుజాన వేసుకుని వచ్చి మా వసారాలో కూర్చుని దూది ఏకుతుంటే ఇల్లంతా టుంగుటుంగుమని మోగేది, తెల్లటి నూగు మా కనుబొమల మీద వాలేది. ప్రతి ఏడూ ఒక కొత్త పరుపు కుట్టించి నాన్న అటక మీదకి పంపేవాడు. మేం పడుకునేది ఉండలు కట్టిన అడుగు పరుపు మీద. సైదా సూది ఆపి పైకి చూసి, "ఏమ్మా, పోయినేడు నేను కుట్టిన దాంట్లో ఎలకలు కాపురం పెట్టినయ్యా, ఇంకా ఖాళీయేనా?" అనేవాడు.

"నీ పని నువ్వు చూసుకో సైదా" అనేవాడు నాన్న.

"ఇదీ నా పనే గదయ్యా. నేను కుట్టేది మనుషుల కోసం అనుకుంటన్నా ఇన్నాళ్ళూ."

అమ్మ వంటింట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ ఇంట్లో అమ్మ నవ్వు కూడా పైకి తీసి వాడుకున్నది తక్కువ.

అన్నిటికంటే పవిత్రమైంది విత్తనాల గది. పశువుల కొట్టానికి ఆనుకుని చిన్న మట్టి గది, దానికి తాళం, ఆ తాళంచెవి నాన్న మొలతాడుకి. కల్లంలో మిరపకాయలు ఎండేటప్పుడు నాన్న ముక్కుకి తువ్వాలు కట్టుకుని, గొంతుకూర్చుని, విత్తనపు కాయలు ఒక్కొక్కటే స్వయంగా ఏరేవాడు. ఒకే పొడవు, ఒకే ఎరుపు, తొడిమ ఊడనివి. వాటిని ఎండబెట్టి, గోనెలో కట్టి కర్రతో కొట్టి, తూర్పారబట్టి, విత్తనానికి బూడిద కలిపి కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి పేడా ఎర్రమట్టీ మెత్తేవాడు. ఈ ఏటి కుండ మీద సున్నంతో ఒక గీత, పోయినేటి దానిమీద రెండు, ఆ ముందుది మూడు. నారు పోసేది మూడు గీతల కుండలోంచి. ముసలి విత్తనం సగం మొలవదు గదా, అందుకని నాన్న రెట్టింపు చల్లేవాడు. పక్క పొలం వాళ్ళు అడిగితే "ఒత్తుగా చల్లడం మా పద్ధతి" అని గొప్పగా చెప్పేవాడు. నేనూ చాలాకాలం అది మా వంశానికి వచ్చిన విద్యే అనుకున్నాను.

ఆయన భయానికి ఒక కథ ఉంది. అమ్మ చెప్పింది. నాన్న చిన్నతనంలో ఒక ఏడు నారుమడి వానకి రెండుసార్లు కొట్టుకుపోతే మా తాత విత్తనం కోసం పక్క ఊరి మోతుబరి ఇంటికి వెళ్ళాడట, నాన్నని వేలు పట్టుకుని. ఆ మోతుబరి స్నానం చేసి, భోజనం చేసి, ఒక కునుకు తీసి లేచేదాకా ఎండలో నిలబెట్టి, తర్వాత మా తాత పైపంచెలోకి దోసెడు విత్తనం విదిల్చాడట. అంతే. ఆ పూట చూసిన పిల్లవాడు ఇంకెవరి గడపా తొక్కకూడదనుకున్నాడు. అనుకోవచ్చు, ఎవరికైనా రోషం ఉంటుంది. ఒక్క పూట ఎండలో నిలబడినందుకు ఇంటిల్లిపాదీ ఏళ్ళ తరబడి తారు ఆవకాయ తినాలా? ఈ ప్రశ్న నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

కోటి బాబాయి నాన్నకి పన్నెండేళ్ళు చిన్న. మనిషి గలగలా మాట్లాడేవాడు, ఉన్న చొక్కా ఇవాళే వేసుకునేవాడు. కనిగిరి వైపు పిల్లని చేశారు. రాజ్యం పిన్ని కాపురానికి వచ్చి సరిగ్గా నలభై రోజులు ఉంది. పుట్టింటి వాళ్ళు పెట్టిన చీరలు, కంచాలు, దిళ్ళు నాన్న జాగ్రత్తగా అటక ఎక్కించాడు. నలభయ్యో రోజున పిన్ని అన్నం ముందు కూర్చుని, ఆవకాయ టెంక వేలితో కదిపి చూసి, అమ్మతో మెల్లిగా అంది. "అక్కా, నన్ను కూడా అటక మీద పెట్టి మూడేళ్ళకి దించుతారా?" మర్నాడు పుట్టింటికి వెళ్ళింది. వేరే పొయ్యి వెలిగిస్తే వస్తాను, అన్నగారి పొయ్యి దగ్గరకైతే రాను అని కబురు పెట్టింది. ఊరు ముక్కున వేలేసుకుంది. నాకు మాత్రం ఆమె అంటే అంతులేని గౌరవం కలిగింది.

వేరే పొయ్యి అంటే వేరే పంట కావాలి. ఊళ్ళో సుందరమ్మగారనే ఒంటరి ఆవిడ బాబాయిని పిలిచి నాలుగెకరాలు కౌలుకి ఇస్తానంది. "ఒక్క ఏడు చూస్తా కోటయ్యా. మిరప బాగా తీశావా, నువ్వు వద్దనేదాకా నీదే. తియ్యలేదా, ఇంకోడికి ఇచ్చుకుంటా" అని మొహం మీదే చెప్పింది. బాబాయి ఆనందానికి హద్దు లేదు. ఆషాఢంలో నారుమడి దున్ని మెత్తగా చేసి, నాన్న దగ్గరకి వచ్చి ఒక గీత కుండ అడిగాడు. బాబాయి చేతిలో ఉన్నది ఆ ఒక్క ఏడే. ఆ ఏడు పోతే భార్య రాదు, పొయ్యి వెలగదు, జీవితమంతా అన్న ఇంట్లో వరస కోసం కాచుకుని కూర్చోవాలి. ఈ సంగతి మా కొట్టంలో గేదెకి కూడా తెలుసు.

"వరస తప్పకూడదురా. మూడు గీతలది తీసుకో. ఒత్తుగా చల్లు" అన్నాడు నాన్న.

బాబాయి చల్లాడు. వాన కూడా అడిగినట్టు పడింది. పది రోజులకి మడిలో చూస్తే బట్టతల మీద వెంట్రుకల్లా అక్కడొకటి ఇక్కడొకటి. ఎప్పుడూ సగమన్నా మొలిచేది, ఆ ఏటి కుండ మరీ సత్తువ ఉడిగిపోయింది. మళ్ళీ దున్నాడు. నాన్న ఎంతో త్యాగం చేస్తున్నట్టు మొహం పెట్టి రెండు గీతల కుండలోంచి సగం ఇచ్చాడు. ఇంకో వాన పోయింది, ఇంకో పది రోజులు పోయాయి. రెండో కుండలోంచి నాలుగెకరాలకి కావలసిన దాంట్లో నాలుగో వంతు కూడా మొలవలేదు. ఊళ్ళో వాళ్ళ నారు అప్పటికి బెత్తెడు ఎదిగింది. రోజూ పొద్దున బాబాయి మడి గట్టు మీద కూర్చుని, నేల మీదకి వంగి, చేత్తో మట్టి కదిపి చూసుకునేవాడు. గలగలా మాట్లాడే మనిషి ఇంటికొచ్చి మంచినీళ్ళు కూడా అడిగేవాడు కాదు.

ఒక రోజు మధ్యాహ్నం, అన్నాల వేళ, బాబాయి బురద కాళ్ళతోనే వచ్చి విత్తనాల గది ముందు నిలబడ్డాడు. చేతిలో గునపం ఉంది. "అన్నయ్యా, ఒక గీతది ఇయ్యి. ఇంకో వారం దాటితే నాకీ ఏడు లేదు" అన్నాడు.

నాన్న కంచం ముందు నుంచి లేచి వచ్చాడు. "అది తీస్తే వచ్చే ఏడు ఏం గతి?"

"వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు. ఈ ఏడు గతి చూడు ముందు."

"ఇయ్యను. నువ్వు నరికినా ఇయ్యను" అని నాన్న తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు.

అప్పుడు అమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోలేదు. మా అమ్మ అంతవరకూ నాన్నకి ఎదురు చెప్పగా నేను వినలేదు. "మీ ఇంటికొచ్చి పదహారేళ్ళయింది. ఈ ఇంట్లో కొత్తదాని రుచి ఎట్టా ఉంటదో నాకు తెలవదు. నేనెప్పుడన్నా అడిగానా? ఇవాళ అడుగుతున్నా. తాళంచెవి ఇవ్వండి" అంది. గొంతు పెంచలేదు. అందుకే భయం వేసింది.

నాన్న ఆమె మొహం చూశాడు, బాబాయి చేతిలో గునపం చూశాడు. తర్వాత నేల చూపులు చూస్తూ అన్నాడు. "దాంట్లో ఏం లేదు."

బాబాయి నమ్మలేదు. "మాయమాటలు చెప్పమాక. గీత వేసింది నేను చూశా."

నాన్న మొలతాడు నుంచి తాళంచెవి విప్పి తనే తలుపు తీశాడు. కుండ తెచ్చి అమ్మ ముందు పెట్టాడు. అమ్మ మూతి మట్టి పగలగొట్టి గుడ్డ లాగింది. గుప్పుమని ముక్కవాసన. లోపల విత్తనమంతా ఒకటే ముద్ద, బూజు పట్టి, బూడిద రంగు తెట్టు కట్టి. కల్లం మీద ఆ ఏడు చిన్న జల్లు పడింది. వాన ఎక్కువవుతుందేమోనని నాన్న భయపడి, విత్తనం పూర్తిగా ఎండకముందే కుండలో పోసి మూత వేసేశాడు. జాగ్రత్త!

"ఎప్పుడు తెలిసింది?" అంది అమ్మ.

"వైశాఖంలో. మూతి బీట తీస్తే చూశా. మళ్ళీ మెత్తా."

"మరి ఈ రెండు నెలలూ దీనికి తాళమెందుకు వేశారు?"

బాబాయి గునపం కింద పడేసి అరుగు మీద కూలబడ్డాడు. "వైశాఖంలో చెబితే ఎక్కడన్నా తెచ్చుకునేవాణ్ణి గదన్నయ్యా. రెండు వానలు పోయినయ్యి నాకు" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాట తిట్టు కంటే ఘోరంగా ఉంది. నాకు పద్నాలుగేళ్ళు. మా నాన్నని అంత నీచంగా చూడటం అదే మొదలు. పోయిన విత్తనానికి కాదు. విత్తనం ఎవరికైనా పోతుంది. లేనిదానికి తాళం వేసి, ఉందన్నట్టు మా అందరినీ నమ్మించి, తమ్ముడి వానలు రెండు మింగినందుకు.

అమ్మ చెయ్యి కడుక్కుని, గంప తీసుకుని, నన్ను రమ్మని వీధిలోకి దిగింది. "ఎవరి గడపా తొక్కొద్దు" అని నాన్న వెనక నుంచి అరిచాడు. అమ్మ తిరిగి చూడలేదు. మొదట సైదా ఇంటికి వెళ్ళాం. సైదా భార్య పెరట్లో తమ కుంట నేలకి సరిపడా నారు పోసుకుంది, మిగిలింది. విషయం విని సైదా నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. "ఇదేం పెద్ద పనమ్మా" అని నారు పీకి, తడి గుడ్డలో చుట్టి, అమ్మ ముందు నేల మీద పెట్టాడు. మా వైపు ఉప్పూ మిరపా చేతికి ఇవ్వరు, ఇస్తే ఇద్దరికీ తగువొస్తుందంటారు. నేల మీద పెడతారు, కావలసినవాళ్ళు తీసుకుంటారు. ఆ సాయంత్రం, మర్నాడు, ఆ తర్వాత రోజూ ఊరంతా తిరిగాం. తమ నాటు అయిపోయిన వాళ్ళు మిగిలిన నారు మడి గట్టు మీద పెట్టి పక్కకి తప్పుకున్నారు. ఎవరూ మా చేతిలో పెట్టలేదు, మేం ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు. ఒక ముసలాయన "మీ పద్ధతి ఏమైందమ్మా, ఒత్తుగా చల్లే పద్ధతి?" అని మాత్రం అడిగాడు. అమ్మ గట్టిగా నవ్వి, "మొలకెత్తలేదు బాబాయిగారూ" అంది. ఇన్నేళ్ళూ నాన్న మమ్మల్ని దేని నుంచి కాపాడుతున్నాడో అప్పుడు తెలిసింది. ఇంతా చేస్తే, ఒక ముసలాయన వేళాకోళం నుంచి.

బాబాయి చేను ఆ ఏడు చూడాలి. ఊళ్ళో ఎన్ని రకాల మిరప ఉందో అంతా ఆ నాలుగెకరాల్లో ఉంది. ఒక సాలు పొడుగు కాయ, ఇంకో సాలు బుడ్డ కాయ, ఒకచోట ముందు పూత, ఒకచోట ఆలస్యం, మధ్యలో ఆకుముడత. కొనడానికి వచ్చిన వ్యాపారి "ఇదేం చేను, సంతా?" అన్నాడు. అందరూ మంచివాళ్ళు, ఊరంతా ఒక కుటుంబం అని నీతి చెప్పడానికి నేను ఇది రాయడం లేదు. ఇచ్చినవాళ్ళలో ఇద్దరు తెగులు నారు కావాలనే అంటగట్టారని నాకు ఇప్పటికీ అనుమానం. అయినా చేను పండింది. గొప్పగా కాదు, సుందరమ్మగారు తల ఊపేంత. ఫాల్గుణంలో పిన్ని వచ్చింది. ఊరి పడమటి వైపు రెండు గదుల ఇంట్లో పొయ్యి వెలిగించి, మొదటి రోజే కొత్త చీర కట్టుకుని, కొత్త కంచాలు పరిచి, కొత్త కారంతో కూర చేసింది. అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళమ్మట నీళ్ళు కార్చింది. "ఇంత కారంగా ఉంటదా మిరపకాయ!" అంది. పదహారేళ్ళు మిరప పండించిన ఇంటి ఇల్లాలు అన్న మాట అది.

ఇప్పుడు నా సంగతి చెప్పకపోతే రవికీ నాకూ తేడా లేదు. నాన్నని అంత చీదరించుకున్న నేను ఏం చేశాను? ట్రైనింగ్ అయి టీచరు ఉద్యోగంలో చేరాను. పర్మనెంటు అయిన రోజు గుంటూరు బజారులో స్వీట్లు కొని పంచాను. కథలు రాయాలని అప్పటికే ఉండేది. తలలో ఎన్నో ఉండేవి, వేడి వేడిగా. ఉద్యోగం పోతుందేమో, ఇన్‌స్పెక్టరు ఏమంటాడో, ఊళ్ళో వాళ్ళు గుర్తుపడతారేమో, పెన్షన్ వచ్చాక నింపాదిగా రాద్దాంలే అని ఒక్కొక్కటే వెనక్కి వేశాను. పెన్షన్ వచ్చింది. కూర్చుని ఒక్కొక్కటే తీశాను. సగానికి పైగా ముక్కిపోయాయి. ఏ కోపంతో రాయాలనుకున్నానో ఆ కోపం గుర్తుంది గాని, వేడి లేదు. మిగిలిన వాటినే ఇలా రాసుకుంటున్నాను. ఈ కాలం వాళ్ళ పాలసీలనీ కెమెరాలనీ చూసి ఈసడించుకునే హక్కు నాకు ఏమాత్రం ఉందో మీరే చెప్పండి. అయినా ఈసడించుకుంటాను. అప్పుడు మా భయం కుండల్లోనూ జాడీల్లోనూ ఉండేది, ఎలకలు తిన్నా మిగతాది పశువులకి పెట్టేవాళ్ళం. ఇప్పటి భయం కాగితాల్లో ఉంటుంది. పశువులు కూడా తినవు.

రవికి తెలియని ముక్క ఒకటుంది. వాడికి చెప్పాల్సింది అదే. ఆ తర్వాతి ఎండాకాలం, ముసలి విత్తనంతో మా చేను సరిగా రాక, ఏరడానికి మంచి కాయ దొరక్క, ఒక పొద్దున నాన్న తలకి తువ్వాలు చుట్టుకుని బాబాయి ఇంటికి వెళ్ళాడు. నేను అక్కడే పిన్నితో చింతపండు గింజలు తీస్తున్నాను. గడప బయట నిలబడి, లోపలికి రాకుండా, "కోటయ్యా, కాస్త విత్తనం ఉంటే..." అన్నాడు. అంతే, మాట పూర్తి కాలేదు. జీవితమంతా దేనికి భయపడ్డాడో అది చేసేశాడు, అదీ తమ్ముడి ముందు, ఆ రాజ్యం పిన్ని ముందు. బాబాయి నిలబెట్టలేదు, ఎత్తిపొడవలేదు. ఆ ఏటి విత్తనం, మంచిది, ఏరి మూట కట్టి గడప మీద పెట్టాడు. నాన్న తీసుకున్నాడు. ఎండ కూడా ఎక్కలేదు అప్పటికి. ఆయన మీద ఏడాదిగా పెంచుకున్న అసహ్యం ఆ పూట కరిగిపోయిందనే అనుకున్నాను. పెద్దవాడు మారాడు, ఇంక మా ఇంట్లోనూ ఈ ఏటిది ఈ ఏడే మొలుస్తుందని ఆయన వెనకే ఇంటికి పరిగెత్తాను.

నేను వెళ్ళేసరికి నాన్న కొత్త కుండ కడిగి ఎండలో బోర్లించాడు. మధ్యాహ్నానికి విత్తనం అందులో పోశాడు. గుడ్డ కట్టాడు, మట్టి మెత్తాడు, సున్నం వేలితో ఒక గీత గీశాడు, గదిలో పెట్టి తాళం వేశాడు. ఆ ఏడు ఆషాఢంలో మా నారుమడికి పాత కుండలో మిగిలిన విత్తనమే, రెట్టింపు, ఒత్తుగా.

"తెచ్చుకున్నది చల్లవేం నాన్నా?" అన్నాను. గొంతులో వెక్కిరింత దాచుకోలేదు.

నాన్న తాళంచెవి మొలతాడుకి ముడి వేసుకుంటున్నాడు. నా వైపు చూడలేదు. "అది లోపల ఉందిలే అనుకుంటే నిద్ర పడతదమ్మా" అన్నాడు.

పకపకా నవ్వాను. ఆయన తాళం ఒకసారి లాగి చూసుకుని పొలానికి వెళ్ళిపోయాడు.